చదువు గంటలు, బండి గంటలు

బెర్లిన్‌లో చదువుకునే తెలుగు పిల్లలు నలుగురు ఒకచోట చేరితే, మాట ఎక్కడ మొదలైనా చివరికి పార్ట్‌టైమ్ పని దగ్గరికే వస్తుంది. ఎన్ని గంటలు, ఎంత జీతం, చదువు ఎంత వెనకబడింది. కింది సంవాదంలో ఉన్నవాళ్లు అక్కచెల్లెళ్ల బిడ్డలు, పర్చూరు వైపు వాళ్లు. అక్క ఇక్కడే మాస్టర్స్ ముగించి ఉద్యోగంలో కుదురుకుంది. తమ్ముడు ప్రభుత్వ యూనివర్సిటీలో మూడో సెమిస్టర్ చదువుతూ, సాయంత్రాలు సైకిలు మీద ఇళ్లకు భోజనాలు చేరవేస్తాడు. 2025 నవంబరు చివరి ఆదివారం, నాలుగింటికే చీకటి పడ్డ వేళ మొదలైన వాదన ఇది. నా మొగ్గు అక్క వైపే, దాచను. కానీ తమ్ముడు అన్నవాటిలో కొన్నింటికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇద్దరి మాటా రాస్తున్నాను.

అక్క: ఫ్రిజ్ మీద ఆ పసుప్పచ్చ కవరు ఎప్పటినుంచి ఉందిరా?

తమ్ముడు: వారం దాటింది. సైకిలు మీద రెడ్ లైట్ దాటానని ఫైను. ఫోన్‌తో ఫొటో తీసి ఇంగ్లిష్‌లోకి మార్చుకుని చదివాను. వంద యూరోలు, పైన వాళ్ల ఖర్చులు. జీతం పడగానే కట్టేస్తాను.

అక్క: కవరు మీద పెన్నుతో రాసిన తేదీ చూశావా? అది పోస్ట్‌మ్యాన్ వేసింది. నువ్వు ఎప్పుడు చింపి చదివావన్నది వాళ్లకు అనవసరం. డబ్బాలో పడ్డ రోజు నుంచి లెక్క. అభ్యంతరం చెప్పుకోవాలంటే రెండు వారాలే గడువు. ఇది ఫైను కాబట్టి సరిపోయింది. రేపు ఇలాంటి కవరు ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి వస్తే? ఈ దేశంలో బతుకంతా ఉత్తరాల మీద నడుస్తుంది. ఏడాది దాటింది వచ్చి, ఇంకా ఉత్తరం చదవడానికి ఫోను కావాలా?

తమ్ముడు: జర్మన్ నేర్చుకోలేదనే కదా నీ మాట. ఎప్పుడు నేర్చుకోవాలో నువ్వే చెప్పు. పొద్దున క్లాసు, మధ్యాహ్నం ల్యాబు, ఐదున్నర నుంచి పదకొండు దాకా బండి. ఇంటికొచ్చి తడిసిన సాక్సు హీటరు మీద ఆరేసి, అన్నం తినేసరికి పన్నెండవుతుంది. అప్పుడు పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడవక్కా.

అక్క: నేను అడిగేదీ అదే. ఆ ఐదున్నర నుంచి పదకొండు దాకా సమయం ఎవరికి అమ్ముతున్నావు, ఎంతకు అమ్ముతున్నావు?

తమ్ముడు: ఎంతకో చెప్తా విను. ఈ ఏడాది కనీస వేతనం గంటకు 12.82 యూరోలు. వారానికి ఇరవై గంటలు చేస్తే నెలకు పదకొండొందలు. పెన్షన్ కింద 9.3 శాతం కోత పోతే చేతికి వెయ్యి. గది అద్దె ఐదొందల యాభై. హెల్త్ ఇన్సూరెన్స్ నూట నలభై. తిండికి, ఫోనుకి కలిపి నూట ఎనభై. మిగిలిన నూట ముప్పై ఇంటికి. పదిహేను లక్షల లోను మీద నెలనెలా వడ్డీ సరిగ్గా అంతే. సెమిస్టర్ ఫీజు కట్టాల్సిన నెల మళ్లీ ఎవరినో అడగాలి. ఇందులో ఏ గంట మానెయ్యమంటావు?

అక్క: లోనుకు మారటోరియం ఉంది కదా? చదువైపోయిన ఏడాది దాకా కట్టక్కర్లేదు.

తమ్ముడు: అది గవర్నమెంటు బ్యాంకుల్లో. వాటిలో కాగితాలు తెమిలేసరికి వీసా అపాయింట్‌మెంట్ దాటిపోతుందని నాన్న ప్రైవేటు ఫైనాన్స్ దగ్గర తీసుకున్నాడు. వాళ్లకు మొదటి నెల నుంచే వడ్డీ కట్టాలి. ఈ ఏడాది నల్లబర్లీ పొగాకు వేసినవాళ్ల గతి నీకు తెలీదా? కొనే నాథుడు లేక చివరికి ప్రభుత్వం తరఫున మార్క్‌ఫెడ్ దిగాల్సి వచ్చింది. ఆ ఆకు పందిరి కింద పెట్టుకుని కూర్చున్న మనిషికి ఫోన్ చేసి, నాన్నా, నేను భాష నేర్చుకుంటున్నాను, వడ్డీ నువ్వే చూసుకో అనమంటావా?

ఇక్కడ నేనొక మాట కలపాలి. మన ఊళ్లలో కన్సల్టెన్సీ బోర్డుల మీద జర్మనీ అంటే ఫీజు లేని చదువు. అది చాలావరకు నిజమే. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బెర్లిన్‌లో సెమిస్టర్‌కు మూడొందల పైచిలుకు కడితే, దేశమంతా లోకల్, రీజనల్ రైళ్లలో తిరిగే పాసు కూడా అందులోనే వస్తుంది. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024లో అంతకంటే పెద్ద ఫీజు పెట్టింది. బోర్డు మీద లేనిది బతకడానికి అయ్యే ఖర్చు. వీసా కావాలంటే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. మన డబ్బుల్లో పదకొండు, పన్నెండు లక్షలు. అందులోంచి నెలకు 992 చొప్పున వదులుతారు. ఏడాదికి అది ఖాళీ. రెండో ఏడాది ఎలా గడుస్తుందో ఏ కౌన్సెలరూ చెప్పడు. ఈ కుర్రాడు ఆ రెండో ఏడాదిలో ఉన్నాడు.

అక్క: పని చెయ్యొద్దని నేనెప్పుడన్నాను? నేనూ చేశాను. బేకరీ కౌంటరులో నిలబడ్డాను. పొద్దున ఆరింటికి ముసలమ్మలు వచ్చి, ఏ రొట్టె కావాలో, ఎన్ని ముక్కలుగా కోయాలో, జబ్బు చేసిన పిల్లి సంగతేంటో అన్నీ చెప్పేవాళ్లు. నాకు అర్థం కాకపోతే మళ్లీ చెప్పేవాళ్లు. నా జర్మన్ సగం అక్కడే వచ్చింది. ఏ పని చేస్తున్నావన్నది ముఖ్యంరా. యూనివర్సిటీలోనే స్టూడెంట్ అసిస్టెంట్ పనులున్నాయి. వాటికి యూనియన్లు కుదుర్చుకున్న వేతన ఒప్పందం ఉన్న రాష్ట్రం బెర్లిన్ ఒక్కటే. జీతంతో సెలవులు, జ్వరమొస్తే జీతం. పైగా నీ సబ్జెక్టు పని.

తమ్ముడు: ఆ పనికి అప్లై చెయ్యలేదనుకున్నావా? సగానికి పైగా జర్మన్ రావాలంటారు. బేకరీ వాడూ అదే అంటాడు. నువ్వొచ్చినప్పుడు ఆ కౌంటరు ముందు ఎంతమంది వరసలో ఉన్నారు? ఇప్పుడు ప్రతి బేకరీ తలుపు దగ్గరా మనవాళ్లు రెజ్యూమె పట్టుకుని నిలబడుతున్నారు. భాష అడగకుండా, ఈరోజు చేరతానంటే రేపటి నుంచి రమ్మనేది ఒక్క బండి పనే. అందుకే చేరాను. సిగ్గుపడే పని కూడా కాదది.

అక్క: సిగ్గని ఎవరన్నారు?

తమ్ముడు: నీ మాటలో వినపడుతుందక్కా. ఈ నగరంలో ఉండి నగరం చూడటం లేదంటావు. నేను చూసినంత ఎవరు చూశారు? బెర్లిన్‌లో ఫ్లాట్లకు నంబర్లుండవు. గంట మీద ఇంటిపేరే ఉంటుంది. ఒకే గేటు వెనక ముందు ఇల్లు, ప్రాంగణం, దాని వెనక ఇంకో ఇల్లు, ఒక్కోచోట మళ్లీ ప్రాంగణం. నాలుగో అంతస్తుకి లిఫ్టుండదు. వెడ్డింగ్‌లో గంటల మీద టర్కీ పేర్లు, అరబ్బు పేర్లు. షార్లొటెన్‌బుర్గ్‌లో ముందింటి మెట్లకు ఎర్ర తివాచీ, వెనకింటి మెట్లకు ఉత్త చెక్క. ఎవరింట్లో ఒంటరిగా తింటున్నారో, ఎవరు ఇద్దరికి చెప్పి ఒక్కరే తీసుకుంటారో నాకు తెలుసు. ఒక పెద్దాయన తలుపు తీసేటప్పుడు చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని, జేబులో రెండు యూరోల బిళ్ల సిద్ధం చేసుకుని ఉంటాడు. నేను అందించేటప్పుడు ఏదో అంటాడు. మంచిమాటే అనుకుంటా.

అక్క: ఏమంటాడో తెలుసుకోవాలని లేదా?

తమ్ముడు: ఉంది. కానీ కింద ఇంకో ఆర్డరు చల్లారిపోతుంటుంది.

అక్క: అక్కడే నా బాధంతా. ఆ మనిషితో రెండు మాటలు మాట్లాడే తీరిక కూడా ఆ పని నీకివ్వదు. వీధులన్నీ తెలుసు, ఆ వీధుల్లో ఒక్క మనిషీ నీ పేరు పెట్టి పిలవడు. ఇంటికొస్తే ఆరుగురూ తెలుగువాళ్లే. సినిమాలు మనవే, గొడవలు మనవే. పర్చూరులో ఉన్నా ఇలాగే ఉండేవాడివి.

తమ్ముడు: వాళ్లనేమీ అనకు. నాకు జ్వరమొచ్చినప్పుడు బియ్యప్పిండి జావ కాచిపోసింది వాళ్లే. రిజిస్ట్రేషన్ కాగితానికి ఇంటి ఓనరు సంతకం చెయ్యనన్నప్పుడు వాళ్ల గదిలో పెట్టుకుంది వాళ్లే. ఆ సంతకం లేకపోతే అడ్రసు నమోదు కాదు. అడ్రసు లేకపోతే వీసా పొడిగింపుకు అపాయింట్‌మెంటు కూడా దొరకదు. యూనివర్సిటీలో నా పక్కన కూర్చునే జర్మన్ అబ్బాయి మంచివాడే. క్లాసయ్యాక బల్ల మీద వేళ్లతో కొట్టి ప్రొఫెసరుకు మెప్పు తెలుపుతాడు, నాకు బై చెప్పి వెళ్లిపోతాడు. వాడికి రాత్రి పన్నెండింటికి ఫోన్ చెయ్యగలనా?

అక్క: ముందు మధ్యాహ్నం పన్నెండింటికి వాడితో మెన్సాలో, అదే యూనివర్సిటీ క్యాంటీన్‌లో కూర్చో. నువ్వు డబ్బాలో పులిహోర తెచ్చుకుని లైబ్రరీ మెట్ల మీద తింటావట కదా. బెర్లిన్ మెన్సాల్లో 2021 నుంచి మాంసం పేరుకే ఉంది. దాదాపు అంతా శాకాహారమే, అందులోనూ పాలూ వెన్నా లేనిదే ఎక్కువ. తినడానికి ఏమీ లేదన్న సాకు కూడా లేదు. చప్పగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఏ ప్రొఫెసరు ఏం అడుగుతాడో, పాత ప్రశ్నాపత్రాలు ఎవరి దగ్గరున్నాయో తెలిసేది ఆ బల్లల దగ్గరే. ఇక్కడ హాజరు అడగరు. మన కాలేజీలో డెబ్బై ఐదు శాతం లేకపోతే హాల్ టికెట్ ఆపేవాళ్లు. అది మనల్ని కట్టిపడేసింది, నిలబెట్టింది కూడా. ఇక్కడ నువ్వు అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా కనపడకపోయినా ఎవరూ ఏమీ అనరు. చాలా సబ్జెక్టులకు చివర్న ఒక్క పరీక్షే. 4.0 దాకా పాస్, 5.0 వస్తే పోయినట్టు.

తమ్ముడు: తెలుసు.

అక్క: తెలిసే ఆ ఆప్టిమైజేషన్ సబ్జెక్టు రెండుసార్లు పోగొట్టుకున్నావు. మూడోసారి పోతే యూనివర్సిటీలోంచి పేరు తీసేస్తారు. జర్మనీలో ఇంకెక్కడా అదే కోర్సులో చేర్చుకోరు. చదువు లేకపోతే చదువు వీసాకు ఆధారమే లేదు.

తమ్ముడు: ఈ నగరంలో టర్కీ వాళ్లను చూడక్కా. నువ్వే వాళ్ల మార్కెట్‌కి తీసుకెళ్లావు, మైబాఖ్ ఊఫర్‌కి. బెండకాయలు, కొత్తిమీర, పచ్చిమిరపకాయలు కొన్నాం. వాళ్ల తాతలు ఇక్కడికి వచ్చి ముందు భాష నేర్చుకున్నారా? ముందు పనిచేశారు. ఊరికి డబ్బు పంపారు, ఇళ్లు కట్టారు. ఈరోజు ఆ వీధులు వాళ్లవి. పని ముందు, తక్కినవి తర్వాత.

అక్క: వాళ్లనే తీసుకుందాం. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. తూర్పు నుంచి పనివాళ్ల రాక ఆగిపోయింది. ఆ అక్టోబరులోనే పశ్చిమ జర్మనీ టర్కీతో పనివాళ్ల ఒప్పందం చేసుకుంది. మొదట అనుకున్నది రెండేళ్లు పనిచేయించుకుని తిప్పి పంపడం. వెళ్లిపోయేవాళ్లకు భాష ఎందుకని ఎవరూ నేర్పలేదు. వాళ్లు వెళ్లలేదు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో పనిచేసి, డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే పదేళ్ల కూతురిని వెంటబెట్టుకుని వెళ్లారు. తన తల్లి జబ్బేమిటో ఆ పిల్ల తర్జుమా చేసి చెప్పాలి. బేకరీలో నాతో పనిచేసినావిడ అలా పెరిగింది. తన చిన్నతనం గురించి మాట్లాడేటప్పుడు గర్వపడేది కాదు. ఆ వీధులు వాళ్లవి కావడానికి ఎవరు ఎంత చెల్లించారో ఆమెను అడగాలి.

తమ్ముడు: వాళ్లకు నేర్పలేదు సరే. నాకు మాత్రం ఎవరు నేర్పుతున్నారు? కోర్సు ఇంగ్లిష్‌లో అని పిలిచారు. వచ్చాక జర్మన్ లేకపోతే ఉద్యోగం లేదంటున్నారు. ఆ మాట పిలిచినప్పుడే చెప్పాలి కదా.

అక్క: చెప్పాల్సిందే. ఆ కోపం న్యాయమైందే. కానీ చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి పద్దెనిమిది నెలలిస్తారు. ఆ పద్దెనిమిది నెలల్లో నీ కోపం న్యాయమైనదా కాదా అని ఏ కంపెనీ అడగదు. భాష వచ్చా అని అడుగుతుంది. యూనివర్సిటీ భాషా కేంద్రంలో సాయంత్రం క్లాసులున్నాయి. మునిసిపాలిటీ నడిపే ఫోక్స్ హోక్‌షూలెలో తక్కువ ఫీజుకే నేర్పుతారు. తర్వాత రాష్ట్రపతి అయిన, మన హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్ ఈ ఊళ్లోనే 1926లో ఎకనమిక్స్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. చదువుకుంటూనే ఇక్కడి ప్రెస్సులో గాలిబ్ దీవాన్ అచ్చు వేయించాడు. తన భాషను వదులుకోలేదు, ఊరినీ వదులుకోలేదు.

తమ్ముడు: ఆయనకు నెలనెలా వడ్డీ మెసేజ్ వచ్చేదా అక్కా? రాష్ట్రపతులైన వాళ్ల కథలు నాకు చెప్పకు. మా ఇంట్లో ఆరుగురం ఉన్నాం. అందులో ఇద్దరు ప్రైవేటు యూనివర్సిటీల్లో ఫీజు కూడా కడుతున్నారు. వాళ్లకు నువ్వేం చెప్తావో అది నాకు చెప్పు.

అక్క: సరే, వాళ్లకు చెప్పేదే చెప్తాను. ఒక సెమిస్టర్ పెరిగితే ఏమవుతుంది? ఆరు నెలలు బతకాలి. ప్రభుత్వం లెక్కలో నెలకు 992, మొత్తం 5,952 యూరోలు. ఆరు నెలల జీతం వెనక్కి పోతుంది. ఆరు నెలల వడ్డీ పైన పడుతుంది. నువ్వు బండి గంటలు ఇరవై నుంచి పన్నెండుకు తగ్గిస్తే ఎంత తగ్గుతుంది?

తమ్ముడు: నెలకు నాలుగొందలు.

అక్క: పరీక్షలు ఫిబ్రవరిలో. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మూడు నెలలు. పన్నెండొందలు. పన్నెండొందలు కాపాడుకోవడానికి ఆరువేలు పణంగా పెడుతున్నావు.

తమ్ముడు: లెక్క తప్పని నేననను. నాకూ వచ్చు ఆ లెక్క. కానీ ఆరువేలు ఎప్పుడో వచ్చే ఏడాది పోయేవి. వడ్డీ ఐదో తారీఖున పోతుంది. ఐదో తారీఖున కట్టకపోతే వాళ్లు నాకు ఫోన్ చెయ్యరు, నాన్నకు చేస్తారు. డబ్బున్నవాళ్లు ఏడాది లెక్క చూసుకోగలరు. మాకు నెల లెక్కే ఉంటుంది.

అక్క జవాబు చెప్పడానికి కొంచెం సమయం తీసుకుంది. అంత బరువైన మాటే అది. విదేశీ చదువు గురించి మనం రాసే సలహాలన్నీ ఏడాది లెక్క వేసుకోగల ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే. భాష నేర్చుకోండి, స్థానికులతో కలవండి, ఆదివారం మ్యూజియం చూడండి. ఆదివారాన్ని విశ్రాంతి రోజుగా కాపాడే వాక్యం 1919 నాటి వైమార్ రాజ్యాంగం నుంచి నేటి జర్మన్ రాజ్యాంగంలోకి వచ్చింది. ఆ వాక్యం వల్ల దుకాణాలు మూతబడతాయి. దుకాణాలు మూతబడితే జనం భోజనం తెప్పించుకుంటారు. ఆదివారమే ఈ కుర్రాళ్లకు ఎక్కువ పని. నగరం సెలవు తీసుకునే రోజున వీళ్లు దాని మెట్లెక్కుతుంటారు. అక్క చెప్పే చదువు కావాలంటే ముందు ఎవరో ఒకరు ఆ నెల లెక్క సర్దాలి. యూనివర్సిటీలు కన్సల్టెన్సీల ద్వారా వచ్చే అప్లికేషన్లను తీసుకుంటున్నప్పుడు ఈ సంగతి తెలియనట్టు ఉండటం నాకు న్యాయంగా అనిపించదు.

అక్క: ఆ నాలుగొందలు మూడు నెలలు నేనిస్తాను.

తమ్ముడు: వద్దు.

అక్క: ఎందుకు? నాన్న దగ్గర తీసుకుంటావు, ఫైనాన్స్ వాడి దగ్గర తీసుకుంటావు, గదిలోవాళ్ల దగ్గర చేబదులు తీసుకుంటావు. నా దగ్గరైతే తప్పా?

తమ్ముడు: రేపు పెద్దమ్మకు తెలుస్తుంది. పెద్దమ్మ నుంచి అమ్మకు తెలుస్తుంది. అమ్మ నుంచి నాన్నకు. పరీక్ష రెండుసార్లు పోయిందని వాళ్లకు చెప్పలేదు.

అక్క: బాబాయికి చెప్పలేదా?

తమ్ముడు: ఎలా చెప్పను? చెప్తే తిట్టడు. తిడితే బావుండేది. రోడ్డు పక్క ఎకరం బేరం పెడతాడు, నువ్వు బండి మానెయ్యి నాన్నా, చదువుకో అంటాడు. నేను మెట్లెక్కేది ఆ ఎకరం కోసం.

అక్క: చెప్పకుండా మూడోసారి పోతే? అప్పుడు ఎకరం ఆగుతుందా? ఆయన పొలం గురించి ఆయన్ని అడగకుండా నువ్వే నిర్ణయిస్తున్నావు. అది ఆయనకు నువ్విచ్చే గౌరవం కాదురా. నా డబ్బు నువ్వు తీసుకోకపోయినా ఫరవాలేదు. ఆయనకు మాత్రం చెప్పు.

తమ్ముడు: చెప్పను. ఫిబ్రవరి దాకా చెప్పను. నీ మాటలన్నింటిలో ఇదొక్కటి నేను ఒప్పుకోలేను. డబ్బు సంగతి వేరు. కాగితం మీద రాసుకుందాం, ఉద్యోగం వచ్చిన ఆర్నెల్లలో తిరిగి ఇస్తానని. ఊరికే అయితే తీసుకోను.

అక్క: రాసుకుందాం. బండి వారానికి పన్నెండు గంటలు. దాటకూడదు.

తమ్ముడు: శనివారం, ఆదివారం. ఆ రెండు రోజులూ మాననక్కా. అప్పుడే ఆర్డర్లు ఎక్కువ, చిల్లర కూడా ఎక్కువ చేతిలో పెడతారు.

అక్క: మానకు. మిగతా సాయంత్రాల్లో రెండు జర్మన్ క్లాసుకు, మూడు ఆప్టిమైజేషన్‌కు. ప్రొఫెసరు గదికి ఒక్కసారైనా వెళ్లావా?

తమ్ముడు: లేదు. రెండుసార్లు తప్పినవాణ్ని ఏం మొహం పెట్టుకుని వెళ్లను?

అక్క: తప్పినవాళ్ల కోసమే ఆయన గురువారం ఓ గంట తలుపు తెరిచి కూర్చునేది. ముందుగా మెయిల్ పెడితే చాలు. ల్యాప్‌టాప్ తియ్యి, ఇప్పుడే రాద్దాం. జర్మన్‌లో రాద్దాం, నేను చెప్తాను.

తమ్ముడు: ఇంగ్లిష్‌లోనే రాస్తానక్కా. ఆ పేపర్‌లో నాకు ఎక్కడ అర్థం కాలేదో అడగాలి. అది నువ్వు చెప్తే వచ్చే మాట కాదు, నాకు వచ్చిన భాషలోనే అడగాలి.